కొండనెక్కు చిన్న బండి – దాని క్రింద నాలుగు కడ్డీలు



రిమోటుతో నడుచు బొమ్మ కారు అనగానే నున్నని గచ్చు మీద ఝుమ్మని పరుగెత్తు కారు మనకు జ్ఞాపకము వచ్చును. ఈ నెల మేము చెప్పబోవు బండి ఆ జాతికి చెందినది కాదు. ఇది మనిషి నడకకంటె నెమ్మదిగా పోవును. దీని పని పరుగెత్తుట కాదు, ఎక్కుట. తన చక్రమంత ఎత్తున్న రాతిని పట్టుకొని, ఒక చక్రము పైన, ఒక చక్రము క్రింద, ఒళ్ళు వంచుకొనుచు మెల్లగా ప్రాకుచు పోవును. అందువలననే దీనికి రాక్ క్రాలర్, అనగా రాళ్ళపై ప్రాకునది అని పేరు.

ఈ ఆట అమెరికా దేశపు జీపుల నుండి వచ్చినది. ఊటా రాష్ట్రములో మోయబ్ అను చిన్న పట్టణము చుట్టు ఎర్రని రాతి కొండలున్నవి. 1967 నుండి ఈస్టరు రోజులలో అక్కడ జీపులవారు కూడుకొని ఆ రాళ్ళెక్కుచుందురు. దానిని ఈస్టర్ జీప్ సఫారీ అందురు. కాలిఫోర్నియాలో సియెర్రా నెవాడా పర్వతముల మీద రూబికాన్ అను బాట కూడ ఇట్టి ప్రయాణములకు పేరుపొందినది. ఆ జీపులను పదవ వంతుకు తగ్గించి చేసినవే ఈ చిన్న బండ్లు. విదేశములలో నున్న మన పిల్లలు సెలవులకు వచ్చునప్పుడు మేనల్లుళ్ళకు, మనుమలకు ఇట్టివి తెచ్చుట ఇప్పుడు కద్దు.

కుటుంబములు చదువుకొను పత్రికలో బొమ్మ బండి సంగతి ఎందుకని కొందరడుగవచ్చును. మా జవాబు ఇది. ఈ బండి కొండ ఎక్కునా, వెల్లకిల పడునా అనునది దాని క్రిందనున్న నాలుగు కడ్డీల అమరికను, బరువు ఉన్న చోటును బట్టి యుండును. పొలములో ట్రాక్టరు ముందు చక్రములు గాలిలోకి లేచి వెనుకకు తిరగబడుటకు కారణమైన లెక్క కూడ ఇదే. బొమ్మ తిరగబడిన యెడల చేతితో తీసి నిలబెట్టుదుము. ట్రాక్టరు తిరగబడిన యెడల ఒక ఇంటి దీపము ఆరిపోవును. బొమ్మ దగ్గర నేర్చుకొన్న పాఠము పొలములో ప్రాణము కాపాడగలదు గనుక దీనిని ఓపికతో చదువవలెనని కోరుచున్నాము.

బండి కట్టుబడి

మన ఎడ్లబండి ఇరుసు బండికి గట్టిగా బిగించబడి యుండును. ఒక చక్రము గోతిలో పడిన యెడల బండి అంతయు ఒరుగును. లారీలో ఇరుసుకు, ఛాసిస్‌కు మధ్య కమాన్ పట్టీలుండును. అవి రెండు పనులు చేయును: బరువు మోయును, ఇరుసును దాని చోట నిలుపును. రాక్ క్రాలరులో ఈ రెండు పనులు వేరు చేయబడినవి. బరువు మోయుట స్ప్రింగుల పని. ఇరుసును దాని చోట నిలుపుట లింకులు అనబడు కడ్డీల పని.

ఒక్కొక్క ఇరుసుకు సాధారణముగా నాలుగు కడ్డీలుండును. రెండు క్రింద, రెండు పైన. ప్రతి కడ్డీ రెండు కొనలకును గుండ్రని బాల్ జాయింటు ఉండును గనుక అది ఎటైనను వంగగలదు. క్రింది కడ్డీలు ఇరుసు ముందుకు వెనుకకు జరుగకుండ పట్టును. పై కడ్డీలు ఇరుసు తన చుట్టు తాను తిరుగకుండ ఆపును. పైనుండి చూచినప్పుడు పై కడ్డీలు రెండును వి ఆకారములో కలిసియుండును. ఆ వాలు లేని యెడల ఇరుసు ప్రక్కకు జారిపోవును. నాలుగు కడ్డీలును సమాంతరముగా నున్న బండికి ప్రక్క జారుడు ఆపుటకు పాన్‌హార్డ్ రాడ్డు అను అడ్డ కడ్డీ వేరుగా కావలెను.

క్రింది కడ్డీ ఎందుకు లావుగా నుండును?

చక్రము నేలను వెనుకకు నెట్టును, నేల చక్రమును ముందుకు నెట్టును. ఆ తోపు ఇరుసు ద్వారా కడ్డీలలోనికి పోయి బండిని ముందుకు నడుపును. ఇరుసు వద్ద క్రింది కడ్డీ నేలనుండి 48 మిల్లీమీటర్ల ఎత్తునను, పై కడ్డీ 84 మిల్లీమీటర్ల ఎత్తునను ఉన్నవనుకొనుడి. రెంటి మధ్య ఎడము 36. కడ్డీలు ఇంచుమించు అడ్డముగా నున్నవని లెక్క కట్టిన యెడల, క్రింది కడ్డీల మీద పడు తోపు నేల తోపుకు 84ను 36తో భాగించినంత, అనగా 2.33 రెట్లు. పై కడ్డీలు 1.33 రెట్లు బలముతో వెనుకకు లాగబడును. రెంటి తేడా సరిగా ఒకటి. అదే బండిని నడుపు బలము.

ఇప్పుడు పై కడ్డీని 66 మిల్లీమీటర్లకు దింపి, ఎడమును సగము చేసితిమనుకొనుడి. క్రింది కడ్డీ మీద తోపు 66ను 18తో భాగించినంత, అనగా 3.67 రెట్లగును. ఎడము తగ్గిన కొలది కడ్డీలు వంగును, కీళ్ళు వదులగును. ఇరుసు వద్ద పై కడ్డీకి, క్రింది కడ్డీకి మంచి ఎడముండవలెనని అనుభవజ్ఞులు చెప్పుట ఇందుకే.

కంటికి కనబడని కీలు

ఇప్పుడు అసలు సంగతికి వత్తుము. బండిని ప్రక్కనుండి చూడుడి. వెనుక ఇరుసు నుండి క్రింది కడ్డీ ముందుకు పోవుచు కొంచెము పైకి లేచును. పై కడ్డీ ముందుకు పోవుచు కొంచెము క్రిందికి దిగును. ఆ రెండు గీతలను కాగితము మీద ఇంకను ముందుకు పొడిగించిన యెడల అవి ఒక చోట కలియును. అక్కడ మేకు లేదు, బోల్టు లేదు. అయినను వెనుక ఇరుసు ఆ చోట ఒక పెద్ద కీలుకు తగిలించబడినట్టే కదలును. దానిని మనము ఊహా కీలు అని పిలుతము.

అట్టముక్కతో దీనిని పిల్లలకు చూపవచ్చును. ఒక పెద్ద అట్ట బండి ఛాసిస్ అనుకొనుడి. రెండు సన్నని అట్ట పట్టీలు కడ్డీలు. ఒక చిన్న అట్టముక్క ఇరుసు. గుండుసూదులతో నాలుగు చోట్ల గుచ్చి ఇరుసు ముక్కను మెల్లగా పైకి క్రిందికి కదిలించుడి. కదలిక కొద్దిగా ఉన్నంతవరకు ఆ ముక్క గీతలు కలిసిన చోటు చుట్టు తిరుగుచున్నట్టు స్పష్టముగా కనబడును. ఎక్కువ కదిపిన యెడల కడ్డీల వాలు మారి ఆ చోటు కూడ జరిగిపోవును. కడ్డీలు పొడవుగా నున్న యెడల ఈ జరుగుడు తక్కువ. స్థలము చాలినంత పొడవు కడ్డీలు వేయుటకు ఇది కారణము.

ఆరు మిల్లీమీటర్ల తేడా

బండి ఏటవాలు ఎక్కుచున్నప్పుడు బరువు వెనుక చక్రముల మీదికి జరుగును. వెనుక స్ప్రింగులు అణగి, బండి చతికిలబడి, ముక్కు పైకెత్తును. కడ్డీల తోపు ఈ చతికిలబడుటను ఎంతవరకు ఆపగలదో దానిని ఇంగ్లీషు వారు యాంటీ-స్క్వాట్ అందురు. దానిని లెక్కించు విధానము సులభము. వెనుక చక్రము నేలను తాకు చోటు నుండి ఊహా కీలు మీదుగా ఒక గీత గీయుడి. ఆ గీత ముందు ఇరుసుకు సూటిగా పైన ఎంత ఎత్తున పోవునో కొలువుడి. ఆ ఎత్తును బండి బరువు కేంద్రము ఎత్తుతో భాగించుడి. రెండును సమానమైన యెడల నూటికి నూరు.

ఒక ఉదాహరణ చేసి చూతము. ముందు ఇరుసుకు, వెనుక ఇరుసుకు మధ్య దూరము 300 మిల్లీమీటర్లు. అంగడిలో దొరకు పదవ వంతు బండ్లలో 313 గాని 324 గాని ఉండుట సాధారణము. లెక్క తేలికగుటకు 300 తీసికొంటిమి. బరువు కేంద్రము నేలకు 90 మిల్లీమీటర్ల ఎత్తున ఉన్నది. క్రింది కడ్డీ ఇరుసు వద్ద 48 ఎత్తున మొదలై, 120 ముందుకు పోయి ఛాసిస్ వద్ద 60 ఎత్తునకు చేరును. పై కడ్డీ ఇరుసు వద్ద 84 ఎత్తున మొదలై, అదే 120 దూరములో 78కి దిగును.

ఈ గీతలు పొడిగించిన యెడల ఇరుసుకు 240 మిల్లీమీటర్లు ముందు, నేలకు 72 ఎత్తున కలియును. చక్రము అడుగునుండి ఆ చోటు మీదుగా పోవు గీత 300 దూరములో 90 ఎత్తునకు చేరును. బరువు కేంద్రము ఎత్తు కూడ 90. అనగా నూటికి నూరు. బండి చతికిలబడదు, వెనుక భాగము లేవదు.

ఇప్పుడు పై కడ్డీ ఛాసిస్ కొనను ఒక రంధ్రము పైకి, అనగా 78 నుండి 84కు మార్చుడి. ఊహా కీలు 360 దూరమునకు పోవును. గీత ముందు ఇరుసు వద్ద 70 ఎత్తుననే పోవును. నూటికి 78. బండి కొండమీద చతికిలబడి ముక్కెత్తును. అదే కొనను 72కు దింపుడి. ఊహా కీలు 180 దూరమునకు దగ్గరకు వచ్చును. గీత 110 ఎత్తునకు లేచును. నూటికి 122. ఇప్పుడు రిమోటు నొక్కగానే బండి వెనుక భాగము పైకి లేచును. పట్టు జారిన వెంటనే క్రింద పడును. మరల పట్టుకొని లేచును. చక్రములు కప్పవలె గెంతుచుండును.

ఆరు మిల్లీమీటర్లు అటు, ఆరు ఇటు. అంత మాత్రమునకే ఒకే బండి మూడు విధములుగా ప్రవర్తించును. ఈ బండ్లలో ముందు చక్రములు కూడ లాగును గనుక పై లెక్కను ఖచ్చితమైన తీర్పుగా గాక, ఏ దిక్కున మార్చిన ఏమగునో చెప్పు గుర్తుగా ఎంచుకొనవలెను. నూటికి దగ్గరగా, కొంచెము తక్కువగా మొదలుపెట్టి, ఒక్కసారికి ఒక్క రంధ్రము మాత్రమే మార్చి చూచుట మంచి పద్ధతి. రెండు మార్పులు ఒకేసారి చేసిన యెడల ఏది మేలు చేసినదో, ఏది కీడు చేసినదో తెలియదు.

ముందు ఇరుసు సంగతి

ముందు చక్రములు త్రిప్పు మోటారు ఛాసిస్ మీద నున్న బండ్లలో, ముందు ఇరుసుకు పాన్‌హార్డ్ రాడ్డు ఒకటి, చక్రములు త్రిప్పు కడ్డీ ఒకటి అడ్డముగా నుండును. ఈ రెండును ఒకే పొడవు, ఒకే వాలు కలిగి యుండవలెను. లేని యెడల రాతిమీద ఇరుసు పైకి క్రిందికి కదిలినప్పుడెల్ల మనము త్రిప్పకుండనే చక్రములు తిరుగును.

మరియొక చిక్కు కూడ గలదు. మోటారు నుండి ఇరుసుకు పోవు షాఫ్టు గట్టిగా తిరుగునప్పుడు, దాని ఎదురు బలమువలన బండి ఒక ప్రక్కకు ఒరుగును. ఒక ముందు చక్రము తేలిపోవును. వేగము తగ్గించు పళ్ళ చక్రములను ఇరుసులోనే ఎక్కువగా పెట్టిన యెడల షాఫ్టు మీద మెలిక తగ్గి ఈ ఒరుగుడు తగ్గును.

బరువు ఎక్కడున్నది?

కడ్డీలు ఎంత చక్కగా అమర్చినను బరువు తప్పు చోట నున్న యెడల ప్రయోజనము లేదు. మన ఊరి బండివారికి ఇది క్రొత్త సంగతి కాదు. వరి మోపులు బండి వెనుక ఎక్కువగా వేసిన యెడల కాడి పైకి లేచి ఎద్దుల మెడలు పట్టునని వారెరుగుదురు. చిన్న బండిలో కూడ అంతే. బ్యాటరీ ముందుకు, క్రిందికి ఉండవలెను. పైకప్పు మీద అందము కొరకు పెట్టు సామాను తేలికగా నుండవలెను. చక్రములలోను ఇరుసు మీదను ఇత్తడి ముక్కలు బిగించి కొందరు బరువును నేల దగ్గర చేర్చుదురు.

ఏ ఏటవాలులో వెనుకకు పడునో ముందుగానే లెక్క కట్టవచ్చును. వెనుక ఇరుసు నుండి బరువు కేంద్రము ఎంత ముందుకున్నదో దానిని దాని ఎత్తుతో భాగించవలెను. కేంద్రము 165 మిల్లీమీటర్లు ముందుకు, 90 ఎత్తున ఉన్న యెడల ఇంచుమించు 61 డిగ్రీల వరకు నిలుచును. ఎత్తు 120 అయిన యెడల 54 డిగ్రీలు. ఎత్తు 120 ఉండి కేంద్రము సరిగా నడుమకు, 150కి, జరిగిన యెడల 51 డిగ్రీలు. ఇందులో బండి మొత్తము బరువు ప్రసక్తి లేదని గమనించుడి. రెండు కిలోల బొమ్మకును, రెండు టన్నుల యంత్రమునకును ఇదే లెక్క. పెద్దది గనుక పడదని అనుకొనుట పొరపాటు.

దీనిని ఇంటిలోనే పరీక్షించవచ్చును. ఒక పలక మీద బండిని పెట్టి, వెనుక చక్రములు జారకుండ సన్నని చెక్క పట్టీ కొట్టుడి. చక్రములు తిరుగకుండ చూచుకొని, ముందు చక్రముల వైపు పలకను మెల్లగా ఎత్తుడి. బండి పడబోవు క్షణమున కోణమానినితో కోణము కొలువుడి. బ్యాటరీ ముందుకు జరిపి మరల చేయుడి. తొమ్మిదవ, పదవ తరగతి పిల్లలకు ఈ ఒక్క పరీక్షతో త్రికోణమితి ఎందుకు పనికివచ్చునో అర్థమగును.

బొమ్మ నుండి ట్రాక్టరు వరకు

మన ట్రాక్టరు వెనుక కూడ కడ్డీలున్నవి. క్రింద రెండు లోయర్ లింకులు, పైన ఒక టాప్ లింకు. ఈ మూడు లింకుల ఏర్పాటును ప్రసిద్ధి చేసినవాడు ఐర్లండులో 1884లో జన్మించిన హ్యారీ ఫెర్గూసన్. ఆయన పేరు నేటికిని మన ఊళ్ళలోని ట్రాక్టర్ల మీద కనబడుచున్నది. అంతకుముందు నాగలిని ట్రాక్టరుకు గొలుసుతోనో కొక్కెముతోనో తగిలించి ఈడ్చెడివారు. నాగలి మొద్దుకు తగిలి ఆగిన యెడల ట్రాక్టరు ముందు చక్రములు లేచి, నడుపువాని మీద పడెడిది. ఫెర్గూసన్ అమరికలో నాగలి తట్టుకొన్నప్పుడు టాప్ లింకు ట్రాక్టరును ముందుకు నెట్టి ముందు చక్రములను నేలకు నొక్కును. 1939లో ఫోర్డు కంపెనీ 9ఎన్ ట్రాక్టరుకు ఈ ఏర్పాటు పెట్టిన తరువాత ఇది లోకమంతట వ్యాపించెను. ఇక్కడను లింకుల గీతలు ముందుకు పోయి కలియు ఊహా కీలే పని చేయుచున్నది.

అయితే లింకులు ఆపలేని అపాయములు కొన్ని గలవు. దమ్ము చేయుచుండగా వెనుక చక్రములు బురదలో కూరుకొనిపోయి తిరుగనప్పుడు, ఇంజను బలము ఊరకుండదు. చక్రము తిరుగలేదు గనుక ఇరుసు చుట్టు ట్రాక్టరే తిరుగును. ముందు చక్రములు లేచును. క్లచ్చి తొక్కుటకు కాలు పోవులోగా అంతయు ముగియును. బయటికి వచ్చుటకు వెనుక చక్రములకు దుంగ కట్టి ముందుకు నడుపుట మరింత అపాయము. దుంగ అడ్డుపడగానే చక్రము పూర్తిగా బిగిసిపోవును.

కావున మా మనవి ఇది. ట్రాక్టరు కూరుకొనిన యెడల ముందుకు బలవంతము చేయక, వెనుకకు తీయుటకు ప్రయత్నించుడి. రాని యెడల వేరొక బండితో లాగించుడి. బరువు ఏదైనను క్రిందనున్న డ్రాబారుకే తగిలించుడి. ఇరుసుకు గాని, టాప్ లింకు బిగించు చోటికి గాని గొలుసు కట్టకుడి. లాగుడు గీత ఎంత ఎత్తున నున్న ముందు చక్రములు అంత తేలికయగును. నిట్ర గట్టు ఎక్కవలసి వచ్చిన యెడల వేరే దారి చూచుకొనుడి. మడ్‌గార్డు మీద పిల్లలను కూర్చుండబెట్టుకొనకుడి. స్వీడన్ దేశము 1959లోనే క్రొత్త ట్రాక్టర్లకు తిరగబడినను నడుపువానిని కాపాడు ఇనుప చట్రము తప్పనిసరి చేసెను. అట్టి చట్రమున్న ట్రాక్టరులో సీటు బెల్టు పెట్టుకొనవలెను; చట్రము లేని దానిలో బెల్టు కట్టుకొనరాదు.

తల్లిదండ్రులకు

ఇట్టి బండి ఇంటిలో నున్న యెడల దానిని అద్దాల బీరువాలో పెట్టి తాళము వేయకుడి. పిల్లలచేత కొలిపించుడి, గీతలు గీయించుడి, ఒక రంధ్రము మార్పించి ఏమి జరిగినదో వ్రాయించుడి. ఆడపిల్లలకు కూడ స్క్రూడ్రైవరు చేతికియ్యుడి. ఒక జాగ్రత్త మాత్రము మరువరాదు. ఈ బండ్లలో వాడు లిథియం బ్యాటరీ ఉబ్బిన యెడల మరల వాడరాదు. చార్జింగు పెట్టి పొలమునకు పోరాదు. పరుపు మీదను, గడ్డివాము దగ్గరను పెట్టరాదు. దానికి తగిన చార్జరే వాడవలెను.

బండి లేనివారు విచారపడ నక్కరలేదు. అట్టముక్కలు, గుండుసూదులు, ఒక కొలబద్ద చాలును. మరునాడు ఆ పిల్లవానిని, ఆ పిల్లను ట్రాక్టరు వెనుకకు తీసికొనిపోయి లోయర్ లింకుల గీత ఎటు పోవుచున్నదో, టాప్ లింకు గీత ఎటు పోవుచున్నదో, రెండును ఎక్కడ కలియునో వ్రేలితో చూపించుడి. ఆ తరువాత డ్రాబారు చూపించి, గొలుసు ఇక్కడే ఎందుకు కట్టవలెనో వారినే చెప్పమనుడి. ఆ జవాబు సరిగా చెప్పగలిగిన బిడ్డ, రేపు స్టీరింగు పట్టిన దినమున, తొందరపెట్టు పెద్దలకు కూడ ఆగుమని చెప్పగలడు.